దారి మీద కన్ను

ఐర్లండులోని కెర్రీ కొండల్లో గోబ్నెట్ కళ్ళంత చురుకైన కళ్ళు ఇంకెవరికీ ఉండేవి కావు. ఆ చురుకే ఆమె కొంప ముంచింది.

కేథలిక్కుల పిల్లలకు వాళ్ళ మతం పంతులు చదువు చెబితే నేరమని ఇంగ్లీషు రాజుగారి చట్టం. అందుకని డినీన్ మాస్టారు ముళ్ళకంచె చాటున, రాళ్ళగోడ పక్కన బడి నడిపేవారు. పిల్లలు తలా ఒక, కట్టెలా మండే ఎండు మట్టిపెళ్ళ తెచ్చి మంటలో వేసి చుట్టూ చేరేవారు. గట్టు మీద ఒకరు కాపలా ఉండాలి. మొదట్లో వంతులు వేసుకున్నారు. అర మైలు దూరాన ఉన్న ఎర్రకోటు సిపాయిని ఎనిమిదేళ్ళ గోబ్నెట్ పోల్చగలదని తెలిశాక ఇంక వంతుల్లేవు.

"నీకు సాయంత్రం విడిగా చెప్తాలేవే తల్లీ," అనేవారు మాస్టారు. రెండేళ్ళు గడిచినా ఆ సాయంత్రం రాలేదు. మహానుభావుడికి లాటిన్ పద్యాలు గుర్తుండేవి గానీ ఇచ్చిన మాట గుర్తుండేది కాదు.

ఒకరోజు కింద పిల్లలు విరగబడి నవ్వుతున్నారు. మాస్టారేదో కథ చెబుతున్నారు. కాస్త విని వచ్చేద్దామని గోబ్నెట్ గట్టు దిగి, గోడవతల నక్కి కూర్చుంది. కథ సగంలో ఉండగానే సిపాయిలు వచ్చి పడ్డారు. మాస్టారి చేతులు కట్టి తీసుకుపోయారు. ఆయన మళ్ళీ తిరిగి రాలేదు. బడి అక్కడితో సరి.

"పొదల చాటున వచ్చుంటారు, పసిపిల్ల ఏం చేస్తుంది!" అన్నారు ఊళ్ళోవాళ్ళు. పొదల్లో కాదు, దారి మీదే పొడవునా గుర్రపు డెక్కల గుర్తులు గోబ్నెట్ చూసింది. తను గట్టు దిగిన సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇక అక్షరం ముట్టే అర్హత తనకు లేదనుకుంది. అరవై ఏళ్ళు అలాగే గడిచిపోయాయి.

ఇప్పుడు ఊళ్ళో సర్కారు బడి ఉంది. దానికి తలుపుంది, గంటుంది, బల్లలున్నాయి. మనవరాలు మరేడ్‌కు మాత్రం వెళ్ళాలంటే ఏడుపే.

"అన్నీ ఇంగ్లీషులోనే నానమ్మా! ఐరిష్ ముక్క నోట్లోంచి వచ్చిందా, బెత్తం విరుగుద్ది. ఒక్క కథ కూడా చెప్పరు."

"తలుపులు బార్లా తీసి రమ్మంటుంటే ఏడుపేంటే, గడుగ్గాయీ!"

"అంత ముచ్చటగా ఉంటే నువ్వే నేర్చుకో!" అని మరేడ్ ముసలామెను గడప మీద కూర్చోబెట్టి, పలక ఒళ్ళో పెట్టింది. "ఇదిగో, నీ పేరులో మొదటి అక్షరం. ఇటు చూడవేం? ఆ దారిన ఎవరొస్తారని?"

"ఒకసారి చూడలేదే. కథ వినడానికి గట్టు దిగాను."

ఆ మాట పైకి అనడం గోబ్నెట్‌కు అదే మొదటిసారి.

"ఏం కథ?"

"సగమే విన్నానే."

మరేడ్‌కు ఏమీ అర్థం కాలేదు. "ఇప్పుడెవరూ రార్లే నానమ్మా. పలక చూడు."

గోబ్నెట్ చూసింది. దగ్గరి చూపు పోయి ఎన్నాళ్ళయిందో, అక్షరం తెల్లగా అలుక్కుపోయి ఉంది. తల ఎత్తితే అర మైలు అవతల ఖాళీ దారి, రాయీ రప్పతో సహా, స్పష్టంగా కనిపించింది.