కేప్ బ్రెటన్ ఉత్తర తీరం: పేరు లేని గొంతు వెంట ఒకరోజు

కెనడా తూర్పు చివరనున్న కేప్ బ్రెటన్ దీవిలో ఏం చూడాలని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. అక్కడి కొండల గురించి, అక్టోబరు ఆకుల రంగుల గురించి చాలామంది రాశారు. నేను మాత్రం అక్కడ చదువుకునే రోజుల్లో, ఒక పాట ఎవరు పాడారో తెలుసుకోవడానికి చేసిన ప్రయాణం గురించి రాస్తాను.

ఏ విమానం దిగినా మన పిల్లలే కనిపించిన సంవత్సరాలవి. సిడ్నీ (ఆస్ట్రేలియాలోది కాదు) అనే ఆ చిన్న ఊళ్ళో అద్దె ఇళ్ళు చాలక ఒక ఇంట్లో ఎనిమిదిమందిమి ఉండేవాళ్ళం. నిండిపోయిన బస్సు ఆగకుండా వెళ్ళిపోతే మళ్ళీ గంట నిలబడాల్సిందే. నాది బిజినెస్ డిప్లొమా. టైమ్‌టేబుల్‌లో కుదిరిందని మాత్రమే స్కాట్లండ్ జానపద సంప్రదాయాల క్లాసు తీసుకున్నాను. పాత పాటలు, కథలు, పల్లెవాళ్ళ కబుర్లు టేపుల మీద రికార్డు చేసి ఆన్‌లైన్‌లో పెట్టిన శబ్ద భాండాగారం ఒకటుంది. అందులో ఒక పాట ఎంచుకుని, పాడినవాళ్ళ గురించి రాయమన్నారు టీచరు. బస్సు కోసం నిలబడి వింటూ వింటూ ఒక గొంతు దగ్గర ఆగిపోయాను. నేసిన ఉన్ని బట్టను తడిపి, ఆడవాళ్ళంతా బల్ల చుట్టూ కూర్చుని బాదుతూ పాడుకునే పాట అది, ఒకప్పుడు స్కాట్లండ్ నుంచి ఇక్కడికి వలస వచ్చినవాళ్ళ గేలిక్ భాషలో. వివరాల దగ్గర ఇలా ఉంది: చోటు, కేప్ బ్రెటన్ ఉత్తర తీరం. పాడినవారు, తెలియదు. నేనుండే చోటికి గంటంబావు దూరంలో పాడిన మనిషికి పేరు లేకపోవడం నాకు నచ్చలేదు.

ఆ తీరానికి బస్సు లేదు. ఆదివారాలు మా విద్యార్థులను భోజనానికి పిలిచే రిటైర్డ్ డాక్టరు రామ్మోహన్ గారితో ఈ మాట అన్నాను. ఆయనది తెనాలి. ఆ తీరంలోనే ఇరవై ఆరేళ్ళు క్లినిక్ నడిపారట. ఒక పాత పేషెంటుకు ఫోన్ చేసి, శనివారం రమ్మన్నారని చెప్పారు.

ఉదయం తొమ్మిదికి ఆయన కారులో బయల్దేరాం. నూటఐదో నంబరు రోడ్డు మీద పెద్ద వంతెన దాటి, కొండెక్కి దిగి, ఇంగ్లీష్‌టౌన్ దగ్గర పడవ ఎక్కాం. కారుతో సహా దాటించే ఆ పడవకు అప్పట్లో ఏడు డాలర్లు. అయిదు నిమిషాల్లో అవతలి ఒడ్డు. అక్కణ్ణుంచి రోడ్డుకు ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం. దారిలో డాక్టరు గారు తన తొలి ఏళ్ళ సంగతులు చెప్పారు.

"జ్వరం ఎక్కువైతే ముసలివాళ్ళు గేలిక్‌లోకి వెళ్ళిపోయేవాళ్ళమ్మా. ఏమంటున్నారని వాళ్ళ పిల్లల్నడిగితే వాళ్ళకీ తెలిసేది కాదు. నేను మాత్రం ఏం ట్రీట్‌మెంట్ ఇస్తాను చెప్పు?"

ఆ పేషెంటు పేరు ఎఫీ. ఎనభై మూడేళ్ళు. తెల్ల చెక్క ఇల్లు, వంటగదిలో కట్టెల పొయ్యి. ఓట్స్ పిండితో చేసిన గట్టి బిస్కెట్లు, చిక్కటి టీ పెట్టింది. నేను ఫోన్‌లో పాట పెట్టాను. ఆమె వేళ్ళతో బల్ల మీద దరువు వేస్తూ వింది. కానీ పాట అయ్యాక తల అడ్డంగా ఊపింది. ఈ పాట తీరమంతా పాడేవారనీ, చలికి రాసిపోయిన గొంతులు అందరివీ ఇలాగే ఉండేవనీ చెప్పింది. నాకు నీరసం వచ్చింది. ఆపబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

ఫోన్‌లో రికార్డింగు ఇంకా నడుస్తోంది. పాడిన ఆవిడ గేలిక్‌లో ఏదో అడిగింది. దూరం నుంచి ఒక అమ్మాయి విసుగ్గా ఇంగ్లీషులో "ఇంకా లేదు" అంది. అంతే. నేను ఎప్పుడూ పాట అయిపోగానే ఆపేసేదాన్ని. ఆ ముక్క వినడం అదే మొదటిసారి.

 ఎఫీ మెల్లగా అంది: "నీళ్ళు మరిగాయా అని అడుగుతోంది మా అమ్మ. లేదన్నది నేను."

అప్పటికి ఆమెకు పదిహేనేళ్ళట. బడిలో గేలిక్ మాట్లాడితే దెబ్బలు పడేవని, అందుకే ఇంట్లోనూ మానేసిందని చెప్పింది. తల్లి పోయేదాకా అలాగే నడిచింది. ఆమె ఒక భాషలో అడిగేది, ఈమె ఇంకో భాషలో చెప్పేది. తల్లి గొంతు మళ్ళీ వినడం ఇదే మొదటిసారట.

ఇంకోసారి పెట్టమంది. మళ్ళీ పెట్టాను. నాలుగోసారి తల్లి ప్రశ్న అవగానే, టేపులోని అమ్మాయి నోరు తెరిచేలోపే, ఎఫీ గేలిక్‌లో జవాబు చెప్పింది. నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా. డాక్టరు గారు లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డారు.

తిరుగు దారిలో పడవ దగ్గరికొచ్చాం. ఆయన అక్కడ కారు ఆపి, "మా అమ్మాయి చిన్నప్పుడు ఇంగ్లీషులో జవాబు చెప్తుంటే, మాకూ అదే ఈజీ అని వదిలేశామమ్మా. తప్పు దానిది కాదు" అన్నారు. నాలుగున్నరకు సిడ్నీ చేరాం.

భాండాగారం వాళ్ళకు అంతా వివరంగా రాశాను. రెండు నెలలకు ఆ పేజీ మారింది. పాడినవారు, ఫ్లోరా. చివరి మాటల్లో కూతురు, ఎఫీ. ఫోన్ చేసి చదివి వినిపిస్తే, తన పేరు కూడా వేశారా అని రెండుసార్లు అడిగింది. మరుసటి వేసవిలో ఆమె పోయింది. నేను చదువయ్యాక వాన్ అనే ఊరికి వచ్చేశాను. డాక్టరు గారు కెనడా పడమటి తీరాన సర్రీలో, కూతురి దగ్గర ఉంటున్నారు. మనవరాలితో తెలుగులోనే మాట్లాడుతున్నాననీ, ఆ పిల్ల ఇంగ్లీషులో జవాబిచ్చినా ఆపడం లేదనీ చెబుతుంటారు. ఆ రోజుల్లో ఇల్లు ఇరుకు, చలి, బస్సుల కోసం ఎదురుచూపులు. అయినా ఇప్పుడు తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది ఆ వంటగదే. మనం పుట్టకముందు ఎవరో అడిగిన మామూలు ప్రశ్న ఒకటి, జవాబు కోసం అన్నేళ్ళు అలా ఆగి ఉండగలదని నాకు అక్కడే తెలిసింది.

మీరూ ఇలాంటి పాట పట్టుకుని వెళ్తే ఒక చిన్న స్పీకరు తీసుకెళ్ళండి, పెద్దవాళ్ళకు ఫోన్ సరిగ్గా వినపడదు. పాట అయిపోయాక మాత్రం వెంటనే ఆపకండి.