మా పెద్దమ్మ, ఆ తలుపు సినిమా

పోయిన నెల బెంగళూరు నుంచి హోసూరుకు తిరిగి వస్తుంటే జూజువాడి దగ్గర లారీల వెనక బస్సు నిలిచిపోయింది. అప్పుడే మా ఊరు కుందారపల్లి నుంచి తమ్ముడు ఫోన్ చేసినాడు. "అక్కా, పెద్దమ్మ ఇంక లేదు. పొద్దున కాఫీ తాగి గోడకు ఆనుకొని కూర్చున్నట్టే..." అని ఆగిపోయినాడు. నా నోట వచ్చిన మొదటి మాట, "కావేరిపట్టణం పోయొచ్చిందా?"

"ఇదేం ప్రశ్నక్కా!" అన్నాడు.

నిజమే. ఏడవాల్సిన చోట అలా ఎందుకడిగినానో చెప్పకపోతే మీరూ అదే అంటారు.

మా పెద్దమ్మ గొర్రెలు మేపినామె. కాగితమిస్తే వేలిముద్ర వేసేది. వయసులో ఉండగా కావేరిపట్టణంలో స్నేహితురాలితో కలిసి టెంటు కొట్టాయిలో, అంటే డేరా సినిమా హాల్లో, ఒక సినిమా చూసింది. పెద్ద పేరున్న నవల ఆధారంగా తీసిన నలుపు తెలుపు సినిమా. కొడుకు తప్పిపోయిన ఒక తల్లి ఇంటికి ఎవడో వచ్చి "నేనే నీ కొడుకును" అంటాడు. కాదని ఆమెకు తెలుసు. అయినా అన్నం పెడుతుంది. ఏళ్లు గడిచాక అసలు కొడుకు వచ్చి తలుపు తడతాడు. సరిగ్గా అక్కడ గాలివాన కొట్టి టెంటు లేచిపోయింది. జనం తలా ఒక దిక్కు పరుగెత్తుతుంటే వీళ్లిద్దరూ వానలో నిలబడి కొట్లాడుకున్నారు. "తల్లి తలుపు తీస్తుంది" అని పెద్దమ్మ. "తీయదు" అని ఆయమ్మ. ఆ పంతం వాళ్లతో పాటే ముసలిదైంది.

పెద్దమ్మకు సినిమా పేరు గుర్తులేదు. "ఆ తలుపు సినిమా" అనేది. కుందారపల్లిలో ఆ కథ వినని ఇల్లు లేదు. తలుపు తట్టేదాకా చెప్పి, ఆ ఇంటివాళ్ల తలుపే మూడుసార్లు కొట్టి ఆపేసేది. "తర్వాత?" అంటే, "తర్వాత వాన" అనేది.

నేను యూనివర్సిటీలో సాహిత్యం చదవడానికి పోతుంటే ఊరంతా ఉద్యోగం వస్తుందా అని అడిగింది. ఆమె మాత్రం, "ఆడ పెద్ద పెద్ద సార్లుంటారు కదా పాపా, తలుపు సంగతి కనుక్కో" అంది. కనుక్కునే పని లేకపోయింది. ఆ నవల మాకు పాఠమే. చివరి పేజీ చదివి రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. తల్లి తలుపు తీయదు. బయట కొడుకు తడుతూనే ఉంటాడు. లోపల ఈమె కొడుకునని చెప్పుకొని వచ్చినవాడికి ఇంకో ముద్ద వడ్డిస్తుంది.

సెలవులకు రాగానే పెద్దమ్మ మందలోనుంచే అరిచింది. "తీసిందా, లేదా?"

ఆ మొహం చూసి, "తీసింది పెద్దమ్మా" అనేసినాను.

దయతో అన్నానో, పిరికితనంతో అన్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆమె అప్పటికప్పుడు గొర్రెలను నాకు వదిలేసి, కృష్ణగిరిలో బస్సు మారి, కావేరిపట్టణం పోయి గెలుపు చాటి వచ్చింది. "దాని మొహం చూడాల్సింది పాపా, మాడిన రొట్టె!" ఆ తర్వాత ఊళ్లో కూడా ఇల్లిల్లూ తిరిగి తల్లి తలుపు తీసిందని చెప్పింది.

పోయిన ఏడాది ఎవరో ఆ సినిమాను ఇంటర్నెట్‌లో పెట్టినారు. ఫోన్ తీసుకొనిపోయి పెద్దమ్మకు చూపించినాను. నోటితో చెప్పే ధైర్యం లేక చూపించినాను అంటేనే నిజం. తలుపు తెరుచుకోలేదు.

"ఇంకా ఉందా?"

"అయిపోయింది పెద్దమ్మా."

"నువ్వు చదివిన బుక్కులో?"

"అందులోనూ అంతే."

"మరి నాకేం చెప్తివి?" ఫోన్ నా చేతిలో పెట్టేసింది. "అన్నేళ్లు చదివించి వాళ్లు నేర్పించింది ఇదా?"

తిట్టి వదిలేసిందనుకున్నాను. మరుసటి రోజు నుంచి మోకాలికి నూనె పూసుకొని, కట్టె పట్టుకొని ఇల్లిల్లూ తిరిగింది. "తలుపు తీసిందని చెప్పినా కదా, అది తప్పు. తీయలేదు. మా పాప అబద్ధం చెప్పింది, నేను నమ్మినాను." కొందరికి కథే గుర్తులేదు. వాళ్లకు మొదటి నుంచి చెప్పి మరీ సరిదిద్దింది. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అన్నాను. "అబద్ధాన్ని నడిచిపోయి చెప్పి, నిజాన్ని కూర్చొని చెప్తారా?" అంది.

ఆ తర్వాత నేను ఊరికి పోతే టీ అంగడి ఆయన కూడా, "రామ్మా, తలుపు తీసే ఉంది" అనేవాడు. నాకు చదువు చెప్పినవాళ్లు చాలామంది. అన్న మాటను వెనక్కి తీసుకోవడానికి కూడా కాళ్లు నొప్పెట్టాలని నేర్పింది ఈమె ఒక్కతే. నేర్చుకున్నానా అంటే, అదీ అనుమానమే.

ఇక కావేరిపట్టణం ఒకటి మిగిలింది. ఆ ఒక్క ఇంటికి మాత్రం ఒక వారం మోకాలు అడ్డం, ఇంకో వారం బస్సులో జనం. చివరికి ఒకరోజు ఒప్పుకుంది. "దాని నవ్వు తలుచుకుంటేనే కాలు లేవదు పాపా."

పోకుండానే పోయింది. అందుకే దినాలు అయిన మరుసటి రోజు నేను బస్సెక్కినాను.

ఆయమ్మ తిన్నె మీద కూర్చొని ఉంది. చావుకు రాలేకపోయినానని మొదట ఏడ్చింది. నేను నా అబద్ధమూ, సినిమా చివరా మొత్తం చెప్పేసినాను.

"తీయలేదా?"

"తీయలేదమ్మా. మా పెద్దమ్మే వచ్చి చెప్పాలనుకుంది."

తొడ మీద చరిచి, పళ్లు లేని నోటితో వీధి అదిరేలా నవ్వింది. "చెప్పినా కదా! వానలో నిలబడి చెప్పినా కదా! వింటేనా ఆ మొండిది!" దగ్గు వచ్చేదాకా నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ, "ఉండు, దానికి ఇప్పుడే..." అని దిండు కింద నుంచి ఫోన్ తీసింది.

బొటనవేలు మీట మీదే ఆగిపోయింది.

"గెలిచినాను పాపా" అంది మెల్లగా. చేతిలో ఫోన్ వెలుగు ఆరిపోయింది. ఆయమ్మ ఇంకా దాన్నే చూస్తూ ఉంది.