తొమ్మిదేళ్ల నాటి కొలత

మా ఆసుపత్రిలో ఏడాదికోసారి నాకు ఒళ్లు మండే రోజు ఒకటుంది. దుప్పట్ల గదిలో కుట్టక్క ముందు చేతులు చాపి నిలబడాల్సిన రోజది. సిబ్బంది యూనిఫాంలన్నీ ఆమే కుడుతుంది. "పోయినేటి కొలతలు నీ పుస్తకంలో ఉన్నాయి కదక్కా, వాటితోనే కుట్టెయ్" అని ఏటా గొణుగుతాను. వినదు. "పుస్తకంలో ఉన్నది పోయినేటి తమ్ముడు. నేను కుట్టేది ఈ తమ్ముడికి" అంటూ టేపు నడుముకి చుట్టి, నా పొట్ట ఎంత పెరిగిందో గదంతా వినపడేలా చదువుతుంది.

ఇరవై ఆరేళ్లుగా అదే గది, అదే కిటికీ పక్క మిషను. చిరిగిన దుప్పట్లకు అతుకులు, దిండు గలీబులు, ఆపరేషను గౌన్లు. సాయంత్రం ఇంటికెళ్లాక వీధిలోవాళ్ల బట్టలు. ఆమె భర్త బస్సులు కడిగే పని చేసేవాడు. నడుం పట్టేసి మూడేళ్ల కింద మానేశాడు. అప్పట్నుంచి వంట ఆయనది, సంపాదన ఈమెది.

ఏడాదిగా అక్క కళ్లు నీళ్లు కారుతున్నాయి. మా కళ్ల డాక్టరమ్మ చూసి, పగటి పని తప్పదు గానీ ఇంటి దగ్గర కుట్టడం మానకపోతే చూపు మీద ఆశ వదులుకోమని తేల్చి చెప్పింది. ఆ వారమే జీతాలు పెరిగాయి, నూటికి ఏడు చొప్పున. జీతాల గుమాస్తాని నేనే కాబట్టి ఆ మాట ఆమెకి ముందుగా చెప్పిందీ నేనే. ఇంటి కుట్టు మీద వచ్చేదీ ఇంచుమించు అంతే. అక్క ఆ రోజే ఇంటి మిషను మీద పాత దుప్పటి కప్పేసి, గుమ్మానికి వేలాడే "బట్టలు కుట్టబడును" అట్ట తీసి మంచం కింద పడేసింది.

పన్ను సంగతి అప్పటికి నాకు తట్టలేదు. నెలాఖరున జీతాల పట్టీ వేస్తుంటే ఆమె పేరు ఎదురుగా కొత్త కోత కనిపించింది. చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. తీరా జీతం చీటీ పట్టుకుని ఆమే వచ్చింది.

"తమ్ముడూ, ఎవరిదో కోత నాకు వేసినట్టున్నావు, చూడు."

"నీదేనక్కా. ఆదాయపు పన్ను. ఇంతవరకు సంపాదిస్తే పన్ను లేదని ఒక గీత ఉంటుంది. నీ జీతం ఈసారి ఆ గీత దాటింది. భయపడకు, మొత్తం మీద కాదు, దాటిన ముక్క మీదే."

"దాటి నేనెక్కడికి పోయాను? అదే అద్దిల్లు, అదే బస్సు. నూనె సీసా ధర చూశావా? పెరిగినదాంట్లో సగం పైగా అదీ అద్దే మింగేశాయి. మిగిలినదాంట్లో నువ్వూ కోసుకున్నావు. ఇంతకీ ఆ గీత ఎప్పుడు గీశారు?"

"తొమ్మిదేళ్లయింది."

అక్క నవ్వింది. "పుట్టినప్పటి చొక్కా తొమ్మిదేళ్ల పిల్లకి తొడిగి, ఊపిరాడట్లేదంటే, లావయ్యావు సంతోషించు అంటారా?"

ఆమె వెళ్లాక పాత పట్టీలు, ఆఫీసులో ఆమె ఇచ్చిన అద్దె రసీదులు తీసి చూశాను. తొమ్మిదేళ్ల కింద ఆమె ఇంటి అద్దె జీతంలో నాలుగో వంతు, ఇప్పుడు మూడో వంతు. అంకెలో పెరిగిన జీతం సంచిలో పెరగలేదు. అయినా ఆ అంకె ఒక్కటే చూసి ఆమెను కలిగినవాళ్ల వరసలో నిలబెట్టారు. గీత గీసినవాళ్లకి ఏటా కొలత తీసుకునే ఓపిక లేదు కాబోలు! నాకు నిజంగా కోపం వచ్చింది. కోపం వచ్చినా కోత వేయక తప్పదు, నా ఉద్యోగం అది.

ఆమె భర్త మాత్రం పొంగిపోయాడు. "మా ఇంట్లో ఏడు తరాల్లో పన్ను కట్టినవాడు లేడు, మా ఆవిడే మొదలు" అని వీధంతా చాటాడు. ఫలితంగా ఇద్దరు పొరుగువాళ్లు చేబదులుకి వచ్చారు. "పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టుంది మన వ్యవహారం, ఇక నోరు మూసుకో" అని అక్క గదిమిందట.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. పలకరించడానికని నాకు నేను చెప్పుకున్నాను గానీ, చేతిలో సంచి ఉంది, సంచిలో బిగుతైన ప్యాంటు ఉంది. కొత్తది కొనలేను. బజారు దర్జీ రేటు రెండింతలైంది. ఆమె కుట్టు మానేసిందని తెలిసీ తీసుకెళ్లాను, సిగ్గు లేకుండా.

గుమ్మానికి అట్ట మళ్లీ వేలాడుతోంది. మిషను మీద దుప్పటి లేదు. అక్క తడిగుడ్డతో కళ్లు అద్దుకుంటోంది. నేను సంచి వెనక్కి దాచాను.

"ఏంటది?"

"ఏం లేదక్కా."

"ఏం లేని సంచి ఆదివారం పూట ఎవడు మోస్తాడు? ఇలా తే."

నన్ను నిలబెట్టి టేపు చుట్టింది. "రెండంగుళాలు" అంది. ప్యాంటు తిరగేసి చూపించింది. ఆరేళ్ల కింద తను కుట్టిందే. నడుం దగ్గర లోపల రెండంగుళాల పైన గుడ్డ మడిచి పెట్టి ఉంది. "మనిషన్నాక పెరుగుతాడు కదా, అప్పుడే వదిలి పెట్టాను" అని కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

"కళ్లు పోతాయక్కా" అన్నాను.

"నెల గడవాలి కదా" అంది తలెత్తకుండా. సూది తీసి దారం పెట్టబోయింది. మూడుసార్లు గురి తప్పింది. రెండూ నా చేతిలో పెట్టింది. ఆమె జీతంలో కోత వేసిన చేతులతోనే దారం ఎక్కించి ఇచ్చాను.

అక్క సూదుల డబ్బా కూడా నా వైపు జరిపింది.

"ఇంకో ఆరున్నాయి, అవీ ఎక్కించి పో తమ్ముడూ. ఈ వారానికి సరిపోతాయి."