రామదాసు గారికి ఫోర్‌కె పెట్టించిన కథ

రామదాసు గారికి ఈ లోకంలో ఏదీ సరిగా కనిపించదు. అలాగని ఆయన కళ్లకు జబ్బేమీ లేదు. ఎదురుగా ఉన్న మహదేవప్ప స్టీలు సామాన్ల దుకాణం బోర్డు మీద ఈగ వాలితే రోడ్డుకు ఇవతల నుంచే గుర్తుపడతారు. కనిపించకపోవడం లోకం తప్పని ఆయన అభిప్రాయం. ట్యూబులైటు మసక. దినపత్రికలో సిరా పల్చన. వేసవిలో మిట్టమధ్యాహ్నం రాయచూరు రోడ్ల మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటూ ఉంటే, దుకాణం మెట్టు మీద నిలబడి పైకి చూసి, "సూర్యునిల కూడ మునుపటి జోరు లేదు వీరబాబు. అంత బర్బాద్ అయిపోయింది" అన్న మనిషి ఆయన.

వీరబాబంటే నేనే. సింధనూరు దగ్గర వలస రైతుల క్యాంపులో పుట్టాను. మా నాన్న భీమవరం వైపు నుంచి వచ్చి తుంగభద్ర కాలువ కింద వరి పండించాడు. నాకు ఆ బురద సరిపడలేదు. రాయచూరు చేరి, ఇళ్లకు ఇంటర్నెట్ లైన్లు లాగి టీవీలకు తగిలించే వ్యాపారం పెట్టుకున్నాను. పద్దెనిమిదేళ్లుగా రకరకాల మనుషులను చూశాను. 'ఇది మానేసి వెళ్లి నాట్లు వేసుకుంటే నయం' అని నాకు నిజంగా అనిపించేలా చేసింది మాత్రం రామదాసు గారొక్కరే.

రాయచూరు తీన్‌కందిల్ కూడలి దగ్గర సందులో వాళ్ల తాతల నాటి బట్టల దుకాణం. లోకంలో ఎవరైనా తమ సరుకును పొగుడుకుంటారు. ఈయన గల్లాపెట్టె ముందు కూర్చుని తిడతారు. ఒకసారి ఒకావిడ చిలకపచ్చ జాకెట్టు గుడ్డ అడిగింది. ఆయన పెద్ద నిట్టూర్పు విడిచి, "చిలకపచ్చనట. మూడో అరల ఎడమ దిక్కు కొసకు పడి ఉన్నది, చూడు ముసలయ్య. ఆ రంగేసినోడు జన్మల చిలకను చూసిండా" అన్నారు. ఇంకో ఆవిడ వంకాయరంగు చీర అడిగితే, కింది అరలో పైనుంచి రెండోది తీయమని, కానీ అలాంటి వంకాయను తను పశువులకు కూడా వేయనని చెప్పారు. విచిత్రమేమిటంటే వచ్చినవాళ్లు నవ్వుకుంటూ అదే కొనేవాళ్లు. సొంత సరుకునే ఇంతగా తిట్టేవాడు మోసం చేయడని వాళ్ల నమ్మకం.

ముసలయ్య ఆ దుకాణంలో నలభై ఐదేళ్లుగా గుడ్డలు తీసి చూపిస్తున్న మనిషి. డెబ్బై దాటాయి. రామదాసు గారికి చిన్నతనంలో గజంబద్ద పట్టుకోవడం నేర్పింది అతనే. తాను తీసిన గుడ్డను బొటనవేలితో ఒక్కసారి రాస్తే చాలు, నూలు ఏ రకమో, ఎన్ని ఉతుకులు ఆగుతుందో చెప్పేస్తాడు. భార్య పోయాక దుకాణం వెనక గదిలోనే ఉంటున్నాడు. మధ్యాహ్నం దుకాణం మూసే వేళ పై అంతస్తులో రామదాసు గారితో పాటే భోజనం, ఆ తర్వాత ఇద్దరూ కలిసి టీవీ.

కష్టాలన్నీ ఆ టీవీతో మొదలయ్యాయి. బెంగళూరులో ఉద్యోగం చేసే వాళ్లమ్మాయి శ్రీనిధి తలుపంత టీవీ ఒకటి పంపింది. నేనే వెళ్లి గోడకు బిగించి, మామూలు ప్లాను పెట్టి, క్రికెట్ మ్యాచ్ ఆడించాను. ముసలయ్య కాసేపు చూసి, బంతి కనపడటం లేదన్నాడు.

"నాకు మాత్రం కనపడ్తున్నదా" అన్నారు రామదాసు గారు వెంటనే. "ఇది చిన్న ప్లాను. చిన్న ప్లానుల బంతి రాదు."

నాకు ఒళ్లు మండింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను, నాకు బంతి మీది కుట్లు కూడా కనిపిస్తున్నాయి. సరే, వ్యాపారస్తుణ్ణి కదా, కోపాన్ని మింగి, పెద్ద ప్లాను ఉందనీ, దాన్ని ఫోర్‌కె అంటారనీ, బొమ్మలో చుక్కలు నాలుగింతలు ఉంటాయనీ చెప్పి, మార్చమంటారా అని అడిగాను. ఆయన మొహం వాడిపోయింది. ఆలోచించి చెబుతానన్నారు. ఆ ఆలోచన పదకొండు నెలలు సాగింది.

మొదట శాంపిల్ అడిగారు. కొత్త మిల్లు గుడ్డ ఏదైనా బెత్తెడు ముక్క చూడకుండా కొనలేదట, ఫోర్‌కె కూడా అంతేనట. సరేనని నా ఫోనులో మంచి బొమ్మ పెట్టి ఇచ్చాను. ఆయన దాన్ని పట్టుకుని, చీర రంగు చూడటానికి ఆడవాళ్లు వెళ్లినట్టు, సరాసరి మెట్టు మీదికి ఎండలోకి వెళ్లారు. అక్కడ ఏ ఫోనులో మాత్రం ఏం కనిపిస్తుంది? తిరిగొచ్చి నా చేతిలో పెట్టి, "వెలుతుర్లకు పోతే రంగు మొత్తం దిగిపోయింది. ఇంట్ల లైటు కింద చూపి అమ్మే మాలు ఇది" అన్నారు. దొంగ సరుకు అమ్మడానికి వచ్చినవాణ్ణి చూసినట్టు మహదేవప్ప రోడ్డవతల నుంచి నన్ను చూశాడు.

తర్వాత భూతద్దం వచ్చింది. గుడ్డ మీద పెట్టి అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టుకునే చిన్న అద్దం బట్టల వాళ్ల దగ్గర ఉంటుంది. ఆయన దాన్ని టీవీకి ఆనించి, ఒక కన్ను మూసి, అరగంట సేపు చుక్కలు లెక్కపెట్టారు. ఆ అరగంటా నేను స్టూలు పట్టుకుని నిలబడ్డాను. నేత పల్చగా ఉందని తేల్చారు. అందుకే కదా చిక్కటిది తీసుకోమంటున్నానని నేనన్నాను. చిక్కటి నేత రాయచూరు ఎండకు పనికిరాదనీ, ఇక్కడ ఎవరైనా పల్చటిదే వాడాలనీ ఆయన జవాబు. టీవీ కట్టుకునేది కాదు కదండీ అన్నాను. "కట్టుకునేదే బర్బాద్ అయింది, ఇగ చూసేదెంత" అన్నారు. నేను స్టూలు దించి సామాను సర్దుకున్నాను.

ఆషాఢమని ఒక నెల ఆపారు. పితృపక్షాలని పదిహేను రోజులు. ధనుర్మాసంలో కొత్త ప్లాను పెట్టొచ్చునా లేదా అన్నది పురోహితుణ్ణి అడిగితే ఆయన కూడా బెదిరిపోయి, శాస్త్రంలో చూసి చెబుతానని సైకిలెక్కారట. శ్రీనిధి బెంగళూరు నుంచి ఫోను చేసి, "అంకుల్, డబ్బు సంగతైతే నేను కడతాను" అంది. డబ్బు సంగతి కాదని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. ఏ సంగతో మాత్రం ఎవరికీ తెలియదు. మహదేవప్ప నేను కనపడినప్పుడల్లా "ఏనాయ్తు వీరబాబు?" అని, ఏమైందని కన్నడంలో అడగడం, ఏమీ కాలేదని నేను చేతులు తిప్పడం ఆ సందులో రోజువారీ వినోదమైపోయింది.

నేను పూర్తిగా ఆశ వదులుకున్నాను. ఇది అతిశయోక్తి కాదు. ఊళ్లో మిగతా వాళ్లంతా పెద్ద ప్లానులకు మారిపోతుంటే ఈ ఒక్క ఇంటి ముందు నా మాట చెల్లలేదు. ఆ మెట్లెక్కుతుంటేనే కాళ్లు పీకేవి. అన్నిటికన్నా నన్ను తినేసిన సంగతి ఇంకొకటి ఉంది. ఎవరు చెప్పినా అడ్డం తిరిగి వాదించే ఈ మనిషి, ముసలయ్య "పెద్దది పెట్టించుండ్రి సావుకారి, సాఫ్ కనపడ్తది" అంటే మాత్రం వాదించకుండా లేచి పక్క గదిలోకి వెళ్లిపోయేవారు.

పన్నెండో నెలలో ముసలయ్య నన్ను దుకాణం పక్కకు పిలిచాడు.

"తమ్మీ, సావుకారికి చెప్పకుండ ఆ పెద్ద ప్లాను పెట్టియ్యి. పొద్దంత కనపడ్తలేదు, కనపడ్తలేదని కుములుతున్నడు. నా పాణం తట్టుకుంటలేదు."

అప్పుడే మా పాత ఖాతాదారులకు ఒక నెల పెద్ద ప్లాను ఉచితమని ప్రకటన వచ్చి ఉంది. నాకూ పట్టుదల పెరిగింది. మర్నాడు మధ్యాహ్నం రామదాసు గారు భోంచేసి చెయ్యి కడుక్కోవడానికి పెరటి వైపు వెళ్లగానే రిమోటు తీసుకుని మార్చేశాను. టెస్ట్ మ్యాచ్ జరుగుతోంది. బొమ్మ ఒక్కసారి వణికి నిలబడింది. ఏం చెప్పమంటారు, మైదానంలో గడ్డి పోచలు లెక్కపెట్టుకోవచ్చు. బౌలరు నుదుటి మీది చెమట బొట్లు విడివిడిగా కనిపిస్తున్నాయి. నా పద్దెనిమిదేళ్ల సర్వీసులో అంత చక్కటి బొమ్మ నేను ఏ ఇంట్లోనూ చూడలేదు.

రామదాసు గారు తుండుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. ఆయన చూసింది టీవీని కాదు, ముసలయ్య మొహాన్ని. అది నేను గమనించాను గానీ ఆ గర్వంలో నాకు పట్టలేదు.

"పెద్ద ప్లాను పెట్టేశానండి. ఇప్పుడు చెప్పు ముసలయ్యా, బంతి కనిపిస్తోందా?" అన్నాను.

ముసలయ్య ముందుకు వంగాడు. కళ్లు నులుముకున్నాడు. మళ్లీ చూశాడు. "అట్లనే ఉన్నది తమ్మీ" అన్నాడు. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు, "పెద్ద ప్లాను గద. మరి గిప్పుడు గూడ కనపడ్తలేదంటే తప్పు ప్లానుది కాదేమో" అన్నాడు.

"ప్లానుదే" అన్నారు రామదాసు గారు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. "ఏం పెట్టినవ్ వీరబాబు? పాతదాంట్ల గింతన్న కనపడేది. ఇప్పుడు మనిషేదో గడ్డేదో తెలుస్తలేదు. ఉన్నది కూడ ఖరాబ్ చేసిపెట్టినవ్."

పదకొండు నెలలుగా నేను దాచుకున్న కోపమంతా ఒక్కసారిగా పైకొచ్చింది. షెల్ఫులోంచి ఆయన భూతద్దమే తీసి టీవీకి ఆనించాను. వచ్చి లెక్కపెట్టుకోండి, నా లైన్లో తప్పు లేదు, బొమ్మలో తప్పు లేదు, తప్పంటూ ఉంటే చూసే కళ్లలో ఉండాలి అని చెప్పడానికి నోరు తెరిచాను. సగం మాట అయ్యేలోపే వంటింట్లోంచి ఇందుమతి గారు పిలిచారు. ఆవిడ రామదాసు గారి భార్య. ఈ పదకొండు నెలల్లో ఈ సంగతి మీద ఒక్క మాట మాట్లాడని మనిషి.

"వీరబాబు, జర లోపలికి రా నాయన. డబ్బ మూత వస్తలేదు."

వంటింట్లో డబ్బా మూత తీసే ఉంది. ఆవిడ నా చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టి, గొంతు తగ్గించి చెప్పారు. మూడేళ్ల కిందట ముసలయ్య ఒక పెళ్లివారికి ఎర్ర గుడ్డ బదులు నీలం గుడ్డ కట్టి పంపాడట. అది తెలిసిన పూట, రంగు తెలియనివాడు జీతం ముట్టకూడదని సంచి సర్దుకుని, ఇడపనూరులో తమ్ముడి కొడుకు దగ్గరికి పోతానని బస్‌స్టాండులో కూర్చున్నాడట. రామదాసు గారు వెళ్లి, తప్పు నీది కాదు, ట్యూబులైట్లది అని చెప్పి వెనక్కి తెచ్చారు. ఆ రోజే దుకాణంలో లైట్లన్నీ మార్పించి, కొత్తవి కూడా మసకేనని తిట్టడం మొదలుపెట్టారు. డాక్టరుకు చూపిస్తే, కంటి నరం ఎండిపోతోంది, పోయిన చూపు రాదు, ఉన్నది నిలబడటానికి రోజూ చుక్కలు వేయాలి అన్నాడు. ఆ మాట రామదాసు గారి దగ్గరే ఆగిపోయింది. ముసలయ్యకు చెప్పింది మాత్రం, ఎండ వేడికి అందరి కళ్లకూ చుక్కలు మంచివని.

"పొద్దున ఇద్దరికీ నేనే ఏస్త. ఆయనది ఒట్టి పన్నీరు" అన్నారు ఇందుమతి గారు. "ముసలయ్యకు ఇడపనూరుల ఎవరున్నరు నాయన? ఆ తమ్ముని కొడుకు గడపల నిలువనియ్యడు. ఈయన ఒక్క లైటు బాగున్నదన్నా చాలు, రేపు సంచి సర్దుకుంటడు."

గ్లాసు గట్టు మీద పెట్టేశాను. మూడో అర ఎడమ దిక్కు, కింది అరలో పైనుంచి రెండోది. సరుకును తిడుతున్నాడని ఊరంతా నవ్వుకున్న ఆ మాటలతోనే ఆయన ముసలయ్య చేతిని సరైన గుడ్డ మీదికి నడిపిస్తున్నారన్నమాట. ఇన్ని నెలలు ఆయన్ని తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది.

హాల్లోకి వచ్చాను. ముసలయ్య ఇంకా టీవీ వైపే చూస్తున్నాడు. రామదాసు గారు నా వైపు చూస్తున్నారు. ఆ చూపులో బతిమాలడం తప్ప ఇంకేమీ లేదు.

మీకో సంగతి చెప్పాలి. మా వ్యాపారంలో ఎవడూ తప్పు తన లైన్లో ఉందని ఒప్పుకోడు. టీవీ పాతదంటాం, గోడ మందమంటాం, కోతులు కొరికాయంటాం. నేనూ ఎప్పుడూ ఒప్పుకోలేదు. అలాంటి నేను ఆ దివ్యమైన బొమ్మ ముందు నిలబడి, మొహం వేలాడేసుకుని, "తప్పు మాదేనండి. ఈ సందుకు వచ్చే లైనే చెడిపోయింది. పెద్ద ప్లాను వేసినా మోయలేదు. ఎక్కడ చూసినా మసకమసకగానే వస్తోంది" అన్నాను.

"నేను చెప్పలే?" అన్నారు రామదాసు గారు. వచ్చి ముసలయ్య పక్కన కూర్చున్నారు.

ముసలయ్య నన్ను కింది మెట్టు దాకా సాగనంపాడు. గోడ పట్టుకుని నెమ్మదిగా దిగి, పైకి వినపడకుండా అన్నాడు.

"నాకు గూడ చూపు కొంచెం తగ్గింది తమ్మీ. ఇగ పోదామనే అనుకున్న. కాని సావుకారిని చూసినవు గద, ఆయనకు అసలే కనపడ్తలేదు. నేను పోతే దుకాణం ఎట్ల నడుపుతడు పాపం?"

ఎలా నడుపుతారు, నువ్వు ఉండాల్సిందే అన్నాను. ఉంటానని మాటిచ్చాడు.

అప్పటి నుంచి నెలకోసారి వెళ్తున్నాను. డాబా ఎక్కి, లైను తీగ పక్కన నీడలో కూర్చుని, ఇందుమతి గారిచ్చిన మజ్జిగ తాగి, దిగి వచ్చి, లైను ఇంకా బాగుపడలేదని ఇద్దరికీ చెబుతాను. ఇద్దరూ కలిసి నన్ను కడుపారా తిడతారు. మహదేవప్ప అయితే నాకు పని రాదని బజారంతా చెప్పేశాడు. చెప్పుకోనీ. వచ్చే నెల కూడా అది బాగుపడదు.