టోపీలు పెట్టుకున్న అక్షరాలు

నరసాపురంలో మా చర్చి పత్రిక టైపు చేసే డీటీపీ ఆయన దగ్గర పాత తెలుగు ఫాంటు ఉండేది. అది లేని కంప్యూటర్‌లో ఆయన ఫైలు తెరిస్తే తెలుగు బదులు టోపీలు, చుక్కలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు కనబడేవి. మేం కంగారుపడితే ఆయన అరచేత్తో తెర తుడిచి, "అక్షరాలు ఉన్నాయండి, ఫాంటే లేదు" అనేవారు.

జబ్బు ముదిరాక తన సంతాపం ఫ్లెక్సీ తానే టైపు చేసి పెట్టుకున్నారు. ఆయన పోయాక ఫ్లెక్సీ షాపువాళ్లు ఆ ఫైలును చూసుకోకుండా ప్రింటు తీసేశారు. చర్చి గేటుకు కట్టాక చూస్తే, ఫొటో కింద ఒక్క తెలుగు ముక్క లేదు, అన్నీ టోపీల అక్షరాలే.

విప్పించబోతుంటే ఆయన భార్య వద్దన్నారు. అరచేత్తో దాన్ని మెల్లగా తుడిచారు.

"అక్షరాలు ఉన్నాయండి. ఆయనే లేరు."