అక్క అడిగిన వేడినీళ్లు

ఈ సాయంత్రం అక్క పక్కన కూర్చుని వేడినీటి బుగ్గ ఉన్న ఒక రిసార్టుకు ఫారం నింపడం మొదలుపెట్టాను. భూమిలోంచి పొగలు కక్కుతూ వచ్చే ఆ నీళ్లను మూడేళ్ల క్రితం అక్కే ఫోన్లో చూపించి, "ఒక్కసారి తీస్కపో తమ్మీ, మోకాళ్లు జర అల్కగైతయి" అంది. పాల్మాకుల ఊళ్లో పూలతోటలో తెల్లవారకముందే మంచులో వంగి చామంతులు కోసే మనిషి. నాది ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం. సెలవు అడగడానికి మొహమాటపడి, ప్రతిసారీ వచ్చే ఏడు పోదామన్నాను.

ఫారంలో ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. గుండెకు స్టెంట్ వేశారా? అక్కకు పోయిన వానాకాలమే వేశారు. రిసార్టుకు ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి మర్యాదగానే చెప్పింది: "సారీ అండి, స్టెంట్ ఉన్నవాళ్లను వేడినీళ్లలో దిగనివ్వమండి."

స్పీకర్‌లో అక్క అంతా విన్నది.

"గంతే కదా. నువ్వు దిగు తమ్మీ. నేను ఒడ్డు మీద కూసోని నీ బట్టలు చూస్కుంట."

సెలవు మాత్రం పొద్దున అడిగిన పది నిమిషాల్లో ఇచ్చారు. మూడేళ్లూ నేను అడగనే లేదు.

పాదాలైనా ముంచుకోనిచ్చే బుగ్గ మీకెక్కడైనా తెలిస్తే చెప్పండి. డాక్టరును అడిగి, ఈ నెలలోనే తీసుకెళ్తాను.