కుప్పం పాటలోళ్ళు వచ్చిన రోజు

మదనపల్లె మిషను ఆసుపత్రిలో దెబోరా కాన్పుల వార్డు ఆయా. బిడ్డలు వేళాపాళా చూసుకుని పుట్టరు కదా. రాత్రంతా దుప్పట్లు మార్చి, నేల కడిగి, నొప్పులు పడే తల్లులకు నడుం పట్టేసరికి, తెల్లవారాక ఆమె కాళ్ళు ఆమె మాట వినవు. అలాంటి మనిషిని ఇన్నేళ్ళూ కునుకు తీయకుండా నిలబెట్టింది కుప్పం పాటలోళ్ళు.

క్యాసెట్టు అట్ట మీద వాళ్ళ పేరు మన్నా గాయక బృందం. అలా పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఒక హార్మోనియం, ఒక తబలా, ఇద్దరు ఆడవాళ్ళు. అందులో ముందు పాడే గొంతు హెలెన్‌ది. క్యాసెట్టు అరిగిపోకముందే ఎవరో దాన్ని దెబోరా ఫోన్లోకి ఎక్కించి పుణ్యం కట్టుకున్నారు.

ఆ పాటల్లో మార్త పాటంటే దెబోరాకు ప్రాణం. ఇంటికి ప్రభువు వచ్చాడు. చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర హాయిగా కూర్చుని మాటలు వింటోంది. అక్క మార్త వంటింట్లో ఒంటరిగా చాకిరీ చేస్తోంది. రెండో చరణంలో మార్త పొయ్యి ముందు నుంచే అడుగుతుంది, నేనెప్పుడు కూర్చునేది ప్రభువా అని. సరిగ్గా అక్కడ క్యాసెట్టు అయిపోయింది. ఫోన్లోనూ అంతవరకే ఉంది. ప్రభువు జవాబు చెప్పేది మూడో చరణంలో. దాన్ని దెబోరా ఎన్నడూ వినలేదు.

బైబిల్లో ఏముందో ఆమెకు తెలియక కాదు. ఏ పాస్టరు ప్రసంగం విన్నా మార్తకు చీవాట్లు, మరియకు మెప్పు. తిని కూర్చునేవాళ్ళు వండేవాళ్ళకు చెప్పే నీతులు అలాగే ఉంటాయి మరి. హెలెన్ మాత్రం అలా పాడి ఉండదని దెబోరా గట్టి నమ్మకం. ఆ గొంతుకు పొయ్యి సెగ తెలుసు. మార్తకు దొరికిన జవాబేదో తనకూ పనికొస్తుందని ఆమె ఆశ.

ఈ ఏడు పుంగనూరు ప్రార్థన కూటాలకు వాళ్ళు వస్తున్నారని తెలిసింది. ఆ ఒక్క పగటి పూట సెలవు కోసం తోటి ఆయా రేఖ డ్యూటీలు కూడా దెబోరాయే చేసింది. నిద్రకు మొహం వాచిన ఆమెను చూసి రేఖకే జాలేసింది.

“నిలబడుకోనే తూగతాండావు కదక్కా, యాల ఈ అవస్థ?” అంది.

“కడపటి చరణం వినల్ల రేఖా,” అంది దెబోరా.

పొద్దున్నే రాత్రి డ్యూటీ దిగి, మొహం కడుక్కుని, తిన్నగా బస్సెక్కింది. పుంగనూరులో మధ్యాహ్నానికే షామియానా నిండిపోయింది. ఆడవాళ్ళ వైపు చాపల మీద ముందు వరుసలో చోటు సంపాదించుకుంది. పాస్టర్ సుదర్శన్ ఫోన్లన్నీ ఆపించి సంచుల్లో పెట్టించాడు. పాటకు ముందు ప్రార్థన చేద్దామన్నాడు. ఆడవాళ్ళంతా కొంగులు తలమీదికి లాక్కుని కళ్ళు మూశారు. దెబోరా కూడా మూసింది. ఆయన ప్రార్థన ఒక పట్టాన తెమలదు. దేశ నాయకులతో మొదలై, వానల మీదుగా టమాటా ధరల దాకా వచ్చింది. అంతవరకే దెబోరాకు గుర్తు.

కళ్ళు తెరిచేసరికి తబలాకు గుడ్డ చుడుతున్నారు.

మార్త పాట పాడినారా అని, పక్కన కూర్చున్న గంగవరం ఊరామెను దెబోరా అడిగింది. పాడారట. ఏడుపు ముంచుకొచ్చి ఒక్క మాటా మనసుకు పట్టలేదని ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. నన్నెందుకు లేపలేదని దెబోరా అడిగేలోపే ఆమె చెప్పింది.

“ప్రార్థనలో మునిగిపోయిండావని కదిలించలేదమ్మా. నీ మీద ఎండ పడతాంటే గొడుగు గూడా పెట్టినాము.”

ముసుగేసుకుని తల వంచిన మనిషిని ఈ కూటాల్లో ఎవరూ ముట్టుకోరు. గోల చేసే పిల్లల్ని కూడా దూరంగా లాక్కుపోతారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో దెబోరాకు తెలియలేదు.

అంతలో హెలెన్ మెల్లగా వేదిక మెట్లు దిగి ఆమె దగ్గరికే వచ్చింది. మెడకు మఫ్లరు చుట్టుకుని, నెరిసిన జుట్టుతో, పాట విని ఊహించుకున్నదానికంటే చాలా చిన్న మనిషిగా ఉంది. దెబోరా చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

“జనమంతా అటూ ఇటూ దిక్కులు సూస్తాంటే, నువ్వొక్కదానివే తల వంచుకోని వింటా ఉండావు,” అంది. గొంతు బొంగురుగా ఉంది. “డాక్టరు ఇంక పాడొద్దన్న్యాడమ్మా. ఈ పొద్దుతో సరి. మూడో చరణం నీ కోసమే పాడినాను. బాగుండాదా?”

ఆ చరణంలో ఏముందక్కా అని అడగడానికి దెబోరా నోరు తెరిచింది. హెలెన్ ఆమె మొహం వంకే చూస్తోంది, పరీక్ష రాసి వచ్చిన పిల్ల చూసినట్టు.

“చానా బాగుండాదక్కా,” అంది దెబోరా.

హెలెన్ ఆ చేతుల్ని కళ్ళకు అద్దుకుని, కుప్పం వ్యాను వైపు నడిచింది.

మళ్ళీ రాత్రి డ్యూటీకి అందుకోవాలి. మదనపల్లె బస్సు కిక్కిరిసి ఉంది. కడ్డీ పట్టుకుని దెబోరా నిలబడింది. తన కోసమే పాడిందట. విననిది తానొక్కతే. ఏడవాలనిపించింది గానీ అంత ఓపిక కూడా లేదు. కాస్త చోటు దొరికితే ఊరు చేరేదాకా పడుకోవాలనుకుంది.

పుంగనూరు దాటకముందే ఎవరో లేచి సీటు ఇచ్చారు. కూర్చుంది. నిద్ర మాత్రం రాలేదు.